ఆకుమీది మచ్చ



చెట్టునకు నోరు లేదు. తనకు కలిగిన బాధను అది ఆకుమీద చూపును. ఆకుమీద మచ్చ కనబడగానే రైతు అడుగు మాట, "ఏ మందు కొట్టవలెను?" అని. దుకాణమువారు ఒక డబ్బా చూపుదురు. రైతు కొని తెచ్చి చల్లును. పది దినములు గడచినను మచ్చ అట్లే యుండును. అప్పుడు రెండవ డబ్బా, ఆ తరువాత మూడవది. ఖర్చు పెరుగును, మచ్చ మిగులును. నేడు నేను మనవి చేయదలచినది ఒక్కటే విషయము. "ఏ మందు?" అనునది రెండవ ప్రశ్న. "ఈ మచ్చ దేనివలన వచ్చినది?" అనునది మొదటి ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు దొరకిన పిదపనే రెండవదానిని అడుగవలెను.

ఈ విషయమును వివరించుటకు నిమ్మను, బత్తాయిని తీసికొందము. యాదగిరిగుట్ట, ఆలేరు, మోత్కూరు, రామన్నపేట ప్రాంతములు 2016 వరకు నల్లగొండ జిల్లాలోనివి. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి. ఇచ్చట ఎర్ర చెల్కలు, దుబ్బనేలలు ఎక్కువ. వాన తక్కువ, అదియు జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియు నైరృతి వానయే ముఖ్యము. మిగిలిన దినములలో చెట్టునకు బావి నీరో, బోరు నీరో ఆధారము. ఈ నేలకు, ఈ ఎండకు ఓర్చుకొని నిలిచిన చెట్లు నిమ్మయు, బత్తాయియు. తెలంగాణములో బత్తాయి తోటలకు నల్లగొండ పెట్టినది పేరు. నకిరేకల్లు పరిసరములు నిమ్మకు ప్రసిద్ధి. తోట లేనివారి పెరటిలో కూడ ఒక్క నిమ్మ చెట్టైనను కనబడును. నాటిన మొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. అన్నాళ్ళు నీరు పోసి పెంచిన చెట్టుమీద మచ్చ కనబడినచో మనస్సు కలతపడుట సహజమే. కాని తొందరపాటు చెట్టునకు మేలు చేయదు.

మచ్చను పరీక్షించుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. ఉదయపు వెలుతురు, బొటనవ్రేలు, ఒక చిన్న భూతద్దము చాలును. ఒక్క ఆకు కోసి చూచి తీర్పు చెప్పరాదు. చెట్టు చుట్టును తిరిగి, పై కొమ్మ, క్రింది కొమ్మ, లోపలి కొమ్మ చూడవలెను. పిదప అయిదు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: మార్పు లేత ఆకులలో ఉన్నదా, ముదురు ఆకులలో ఉన్నదా? దీనికొక కారణము కలదు. నత్రజని, పొటాషియము, మెగ్నీషియము వంటి పోషకములు చెట్టులో ఒక చోటినుండి మరియొక చోటికి కదలగలవు. అవి చాలనప్పుడు చెట్టు ముదురు ఆకునుండి తీసి చిగురునకు ఇచ్చును. తల్లి తాను తినక బిడ్డకు పెట్టినట్లన్న మాట. కావున ఆ కొరత ముదురాకులలో మొదట కనబడును. ఇనుము, జింకు అట్లు సులభముగా కదలవు. వాటి కొరత లేతాకులలో ముందు కనబడును.

రెండవ ప్రశ్న: మచ్చ ఆకునకు ఒక ప్రక్కననే ఉన్నదా, రెండు ప్రక్కల ఉన్నదా? వ్రేలితో రుద్దిన చేతికి తగులుచున్నదా, నున్నగా ఉన్నదా?

మూడవ ప్రశ్న: మచ్చలు చెదురుమదురుగా నున్నవా, ఒక క్రమములో నున్నవా? సూక్ష్మజీవి చేసిన మచ్చకు క్రమము ఉండదు. అది దిగిన చోటనే మచ్చ ఏర్పడును. పోషకముల కొరత వలన కలుగు మార్పు నడిమి ఈనెకు ఇరుప్రక్కలను ఒకే తీరున నుండును.

నాలుగవ ప్రశ్న: తోటలో ఏయే చెట్లకు ఉన్నది? గాలివాన వచ్చు దిక్కున నున్న చెట్లకా, నీటి కాలువ ప్రక్కనున్న చెట్లకా, అన్నిటికా?

అయిదవ ప్రశ్న: ఎప్పుడు మొదలైనది? వాన పడిన పిదపనా, ఎరువు వేసిన పిదపనా, మందు చల్లిన పిదపనా?

ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితముమీద వ్రాసికొన్నచో సగము వైద్యము అయినట్లే. ఇక ఒక్కొక్క మచ్చను గుర్తుపట్టు విధము చెప్పెదను.

అన్నిటికంటె ముఖ్యమైనది గజ్జి తెగులు. మొదట ఆకు అడుగున నీట తడిసినట్లు సూదిమొన యంత చుక్క పుట్టును. కొలది దినములలో అది పెరిగి, పైకి ఉబికి, గోధుమ రంగు పొందును. పిదప బెండువలె గరుకై, నడుమ చిన్న గుంత పడును. చుట్టును పసుపు వలయము కనబడును. ఆకునకు రెండు ప్రక్కలను వ్రేలికి గరుకుగా తగులును. ఇది ఆకుతో ఆగదు. లేత కొమ్మలకు, ముండ్లకు, కాయలకు కూడ ప్రాకును. కాయ లోపలి రసమునకు హాని లేకపోయినను, పైతోలుమీది గజ్జిని చూచి బేరగాడు ధర తగ్గించును. నిమ్మకు ఈ తెగులు మిక్కిలి ఎక్కువ. బత్తాయికి ఒక మోస్తరు. కమలాకు తక్కువ.

ఈ తెగులునకు కారణము శాంథొమోనాస్ అను బాక్టీరియా. ఈ సంగతి తెలిసినది 1915లో. అంతవరకు అమెరికాలో దీనిని శిలీంధ్రము చేసిన తెగులనియే తలచుచుండిరి. క్లారా హాస్ అను శాస్త్రవేత్త మచ్చలనుండి బాక్టీరియాను వేరుచేసి, ఆరోగ్యముగా నున్న మొక్కలకు ఎక్కించి, అదే మచ్చ తిరిగి పుట్టుట చూపి, నిజము నిరూపించెను. చూపునకు ఒకటే తీరుగా నున్న మచ్చలకు కర్తలు వేరు కావచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనము ఏల?

ఈ తెగులు మనకు పరాయిది కూడ కాదు. లండనులో క్యూ అను వృక్షశాస్త్ర వనము కలదు. అందు పూర్వము సేకరించి ఎండబెట్టి దాచిన కొమ్మలను ఫాసెట్, జెంకిన్స్ అను శాస్త్రజ్ఞులు పరీక్షించి 1933లో ఫలితము ప్రకటించిరి. 1827–1831 నడుమ భారతదేశములో సేకరించిన మాదీఫలపు ఆకులమీద గజ్జి మచ్చలు వారికి కనబడినవి. కావున ఈ వ్యాధి మన నేలలో రెండువందల యేండ్లుగా నున్నదనుటకు ఆధారము కలదు.

బాక్టీరియా ఆకులోనికి ఎట్లు దిగును? ఆకు ఊపిరి పీల్చు సన్నని రంధ్రముల గుండ, లేదా గాయముల గుండ. గాలితో కూడిన వాన దానికి వాహనము. వానచినుకు పాత మచ్చమీద పడి చిట్లినపుడు బాక్టీరియా ఆ తుంపరలో చేరి ప్రక్క ఆకుమీద పడును. ముండ్లు గీసికొన్న గాయము, పురుగు తొలిచిన దారి దానికి తెరచిన తలుపులు. లేత ఆకు సులభముగా లోబడును. పూర్తిగా విచ్చుకొని ముదిరిన ఆకు చాలవరకు తట్టుకొనును. కాయకు పిందె కట్టిన తరువాత సుమారు మూడు మాసములు ప్రమాదకాలము. అనగా మృగశిర వానలు, తొలకరి చిగురు ఒకేసారి వచ్చుట గజ్జికి మంచి అదను. ఎండాకాలములో అది కొమ్మలమీది పాత మచ్చలలో దాగి యుండును.

గజ్జికి తోడు ఆకుముడత పురుగు. లేతాకు పొరలోపల పాము నడచినట్లు వంకరటింకర వెండి గీతలు కనబడినచో అది ఈ పురుగు పని. ఆకు ముడుచుకొని పోవును. ఆ గీతల వెంబడి గజ్జి బారులు తీరి పుట్టుట తరచుగా చూడవచ్చును. అట్టి చోట గజ్జికి మాత్రమే మందు చల్లి పురుగును విడిచినచో, తలుపు తెరచియుంచి దొంగను తరిమినట్లగును.

ఇక గజ్జి కాని మచ్చలు. కొమ్మ చివరినుండి ఎండుచు వచ్చి, ఆకు కొననో అంచుననో లేత గోధుమ రంగు మచ్చ ఏర్పడి, అందు నల్లని చుక్కలు వలయములుగా కనబడినచో అది శిలీంధ్రము వలన కలుగు ఎండుకొమ్మ తెగులు. మచ్చ పలుచగా నుండును గాని గజ్జివలె ఉబికి యుండదు. నీరు చాలకయో, వేరు దెబ్బతినియో నీరసించిన చెట్టునకే ఇది ఎక్కువగా తగులును. ఎండిన కొమ్మను పచ్చిభాగము వరకు కత్తిరించి, చెట్టునకు బలము కలిగించుట ముఖ్యము. మందు తరువాతి మాట.

ఆకుమీద బూడిద చల్లినట్లు సన్నని తెల్ల చుక్కలు, కాయమీద ఇటుకరంగు గరుకుపొర ఉన్నచో అది నల్లి పని. కాయమీది ఆ పొరను మన రైతులు మంగు అందురు. భూతద్దముతో ఆకు అడుగున చూచిన కదలు నల్లులు కనబడును. దీనికి గజ్జి మందు పనిచేయదు. నీటిలో కరగు గంధకము లీటరునకు 3 గ్రాములు కలిపి చల్లవచ్చును. మండుటెండలో మాత్రము చల్లరాదు, ఆకు మాడును.

లేతాకులు చిన్నవై, సన్ననై, ఈనెలు పచ్చగా మిగిలి వాటి నడుమ పసుపు పట్టెలు ఏర్పడినచో అది జింకు కొరత. ఈనెల సన్నని వలమాత్రము ఆకుపచ్చగా నిలిచి, తక్కిన ఆకంతయు పాలిపోయినచో ఇనుము కొరత. సున్నపురాయి కలిసిన నేలలలో ఇది ఎక్కువ. ముదురాకు అంచులు పసుపై, కాడ వైపున మాత్రము పచ్చని త్రికోణము మిగిలినచో మెగ్నీషియము కొరత. వీటికి తెగులు మందులు ఎన్ని చల్లినను ప్రయోజనము లేదు. ఆకలిగొన్న వానికి జ్వరపు మాత్ర ఇచ్చినచో ఆకలి తీరునా?

ముదురాకుల కొనలు, అంచులు మాడినట్లు గోధుమరంగు పొంది, ఆకులు రాలుచున్నచో నీటిని అనుమానింపవలెను. నిమ్మజాతి చెట్లు ఉప్పును ఓర్వలేవు. వేసవిలో బోరు అడుగంటిన కొలది నీటిలో లవణములు చిక్కనగును. చెట్టు ప్రతి తడికి ఆ ఉప్పును కొంచెము కొంచెముగా పీల్చి, ముదురాకు అంచున చేర్చును.

నీటికిని మచ్చకును గల సంబంధమును నల్లగొండ వారికి వేరొకరు చెప్పవలసిన పనిలేదు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో ఎన్నో తరముల పిల్లల పండ్లమీద గారమచ్చలు ఏర్పడినవి. పండ్లు తోమకపోవుట దానికి కారణము కాదు. భూగర్భ జలములోని ఫ్లోరైడు కారణము. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు ఉండరాదని నియమము. పన్ను చిగురులోపల తయారగు చిన్నతనమున ఆ నీరు త్రాగినచో మచ్చ పడును. తరువాత ఎంత తోమినను పోదు. మచ్చ పంటిమీద, మూలము బావిలో. ఆ మూలమును గ్రహించిన పిదపనే నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానము రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతియను పేరే స్థిరపడినది. మనుష్యుల పండ్ల విషయమున నేర్చిన ఈ పాఠమును చెట్ల విషయమున మరువరాదు. అంచులు మాడిన ఆకును చూచి డబ్బా కొనుటకు ముందు, ఒక సీసాలో బోరు నీరు పట్టి పరీక్షకు పంపవలెను.

ఈ న్యాయము నిమ్మజాతికే పరిమితము కాదు. ఏలూరు, గోదావరి జిల్లాలలో కొబ్బరి తోటల నీడలో కోకో చెట్లు పెంచుచున్నారు. తేమ, నీడ కోరు ఆ చెట్టు మన చెల్కలలో బ్రతుకుట కష్టము. అచ్చటకూడ ఆకు అంచు మాడుటకు ఒక్కటే కారణము లేదు. పై నీడ తగ్గి ఎండ నేరుగా పడినను మాడును, పొటాషియము చాలకున్నను మాడును. వానకాలములో శిలీంధ్రము ఆకులను, కాయలను నల్లబరచును. ఒకదానికి నీడ, ఒకదానికి ఎరువు, ఒకదానికి మందు. చెట్టు మారినను పరీక్షించు క్రమము మారదు.

గజ్జియే యని తేలినచో చేయవలసిన పని ఇది. తొలకరికి ముందే, పొడి దినమున, గజ్జి పట్టిన కొమ్మలను, ఎండు పుల్లలను కత్తిరించి, తోట వెలుపల కాల్చివేయవలెను. తడిగా నున్నపుడు కత్తిరించినచో కత్తియే తెగులును మోసికొనిపోవును. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునపుడు కత్తెరను శుభ్రపరచుకొనవలెను. పిదప బోర్డో మిశ్రమము చల్లవలెను.

ఈ మిశ్రమమునకు ఒక కథ కలదు. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారిప్రక్క ద్రాక్షపండ్లను బాటసారులు కోయకుండుటకై మైలుతుత్తము, సున్నము కలిపి తీగలకు పూసెడివారు. అట్లు పూసిన తీగలకు తెగులు సోకకుండుటను 1882లో మిలార్డే అను ఆచార్యుడు గమనించి, పరీక్షలు జరిపి, 1885లో లోకమునకు తెలిపెను. చూచినదానికి కారణము వెదకిన కన్ను అతనిది. నేటికిని ఆ మిశ్రమము వాడుకలో నున్నది.

పెరటి చెట్టునకు పది లీటర్లు చాలును. 100 గ్రాముల మైలుతుత్తమును అయిదు లీటర్ల నీటిలో ఒక ప్లాస్టిక్ బకెట్టులోనో మట్టిపాత్రలోనో కరగింపవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. వేరొక పాత్రలో 100 గ్రాముల మంచి పొడిసున్నమును, అనగా నీరు తగలని సున్నపుగడ్డను, కొలది నీటితో విరియించి, అయిదు లీటర్లు చేయవలెను. చల్లారిన పిదప మైలుతుత్తపు నీటిని సున్నపు నీటిలో కొద్దికొద్దిగా పోయుచు కఱ్ఱతో కలుపవలెను. ఆకాశపు నీలిరంగు వచ్చును. పదునైన ఇనుప కత్తిని అందు ఒక నిమిషము ముంచి తీయవలెను. అంచున ఎర్రని రాగిపూత కనబడినచో సున్నము చాలలేదని అర్థము; మరికొంత సున్నపు నీరు కలుపవలెను. వడగట్టి ఆ దినముననే వాడవలెను, నిలువ ఉంచరాదు. ఇంత శ్రమ చేయలేనివారు కాపర్ ఆక్సీక్లోరైడు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి చల్లవచ్చును.

ఇచ్చట ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. రాగి మందు కాపలాదారు వంటిది, వైద్యుడు కాదు. లోపలికి దిగిన బాక్టీరియాను అది ఏమియు చేయలేదు. ఆకుమీద పొరవలె నిలిచి, కొత్తగా దిగవచ్చు దానిని ఆపును. చిగురు విప్పారిన కొలది ఆ పొర చాలదు, వానకు కడుగుకొనిపోవును. అందుచేతనే కత్తిరింపు ముగియగానే ఒకసారి, తొలకరి చిగురు వచ్చినపుడు ఒకసారి, పిదప వానల తీరునుబట్టి సుమారు ఇరువది దినముల ఎడముతో రెండు మూడు సార్లు చల్లవలెను. మచ్చలు లేని కాలమున, ఎండకాలమున, భయముకొలది చల్లుట వృథా. అంతేకాదు, మండుటెండలో చల్లిన రాగియే ఆకుమీద, కాయమీద నల్లని చుక్కలు పుట్టించును. ఆ చుక్కలను చూచి మరల రాగి చల్లువారును కలరు! పైగా రాగి నేలలో పేరుకొనును. ఏండ్లతరబడి అధికమైనచో వేరునకు చేటు.

గజ్జికి స్ట్రెప్టోమైసిన్ కలిసిన పొడి కూడ వాడుట మన రైతులలో అలవాటైనది. స్ట్రెప్టోమైసిన్ అనునది 1943లో కనుగొనబడి క్షయరోగులను బ్రతికించిన ఔషధము. దానిని పొలములలో విచ్చలవిడిగా చల్లినచో బాక్టీరియా దానికి అలవాటు పడి లొంగకుండ పోవును. అట్టి మందులను వ్యవసాయములో నిషేధింపవలెనని కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించినది. మనుష్యుని ప్రాణము నిలుపు మందును నిమ్మకాయ తోలు నునుపునకై ఖర్చుపెట్టుట తగునా యని ఎవరికి వారు ఆలోచింపవలెను. కత్తిరింపు, రాగి, పురుగు నివారణ, ఈ మూడును వేళకు జరిగినచో దాని అవసరము అరుదు.

ఆకుముడత పురుగునకు చిగురు పుట్టునపుడే అయిదు శాతము వేపగింజల కషాయము చల్లవలెను. పది లీటర్ల నీటికి అరకిలో వేపపప్పు చాలును. తోటకు గాలివాన వచ్చు దిక్కున ఎత్తైన చెట్ల వరుస నాటినచో ముండ్ల గాయములు తగ్గును, తుంపర పాకుట తగ్గును. నీరు పాదులోనికి పారింపవలెను గాని ఆకులమీద చిమ్మరాదు. కొత్తగా నాటువారికి గజ్జిని కొంతవరకు తట్టుకొను బాలాజి నిమ్మ రకము కలదు.

జింకు కొరతకు లీటరు నీటిలో 5 గ్రాముల జింకు సల్ఫేటు, రెండున్నర గ్రాముల విరిసిన సున్నము కలిపి, లేతాకులు విచ్చుకొనుచున్నపుడు చల్లవలెను. పశువుల పెండ ఎరువు పుష్కలముగా వేసిన నేలలో ఇట్టి కొరతలు తగ్గును. ఉప్పునీటికి విరుగుడు డబ్బాలో లేదు. వాననీటిని పాదులలో నిలిపి ఉప్పును క్రిందికి దింపుట, పాదుమీద ఎండుగడ్డి కప్పి నీరు ఆవిరికాకుండ చూచుట, వీలైనచో చెరువు నీరు కలిపి పారించుట తగిన ఉపాయములు.

కొందరు, "ఈ తెగులు చెట్లను సమూలముగా నరికివేసినచో పీడ వదలదా?" అని అడుగుదురు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము ఆ పని చేసి చూచినది. 1910 ప్రాంతమున జపానునుండి వచ్చిన నారుతో గజ్జి అచ్చట ప్రవేశించెను. చెట్లను తగులబెట్టి, 1933 నాటికి తెగులును నిర్మూలించితిమని ప్రకటించిరి. 1995లో మయామి నగరమున అది మరల కనబడెను. తెగులు సోకిన చెట్టుచుట్టు 1,900 అడుగుల లోపల నున్న నిమ్మజాతి చెట్లన్నిటిని, మచ్చ లేనివానిని సైతము, నరుకవలెనని నియమము చేసిరి. ఇండ్ల పెరడులలోని చెట్లు కూడ పోయినవి. జనులు న్యాయస్థానముల కెక్కిరి. కోటికి మించిన చెట్లు నేలగూలినవి. 2004, 2005 సంవత్సరముల తుపానులు తెగులును మరింత దూరము వెదజల్లినవి. 2006 జనవరిలో ప్రభుత్వము ఆ కార్యక్రమమును విరమించుకొనెను. కొత్తగా తెగులు వచ్చిన దేశమునకు నిర్మూలన ఆశ ఉండవచ్చును. రెండువందల యేండ్లనుండి తెగులు ఉన్న మన దేశములో దానిని అదుపులో నుంచి ఫలము పొందుటయే మార్గము. కాపు కాయుచున్న చెట్టును మచ్చను చూచి నరుకవలదు.

కాని ఆ కథలో మనకొక హెచ్చరిక కలదు. తెగులు సముద్రము దాటినది నారు మొక్కలతో. మన తోటలకును అది మొదట వచ్చునది అంటు మొక్కలతోనే. నర్సరీలో మొక్క కొనునపుడు ధర అడుగుటకు ముందు ఆకు తిరగవేసి చూడవలెను. ఒక్క గరుకు మచ్చ కనబడినను ఆ మొక్క మాత్రమే గాక, ఆ మడిలోని మొక్కలన్నియు విడువదగినవే. పది రూపాయలు చౌకయని తెచ్చిన మొక్క పదేండ్ల మందు ఖర్చు తెచ్చును.

చివరగా ఒక మాట. మచ్చపడిన ఆకు మరల నున్నగా కాదు. మందు పనిచేసినదా లేదా యని పాత ఆకులను చూచి నిర్ణయింపరాదు. కొత్త చిగురు శుభ్రముగా వచ్చినచో వైద్యము ఫలించినట్లే. అందుచేత మందు చల్లిన తేది, పేరు, కొలత ఒక చీటీమీద వ్రాసి, తరువాతి చిగురు వరకు ఓపిక పట్టవలెను.

అనుమానము తీరనిచో ముదురాకు, లేతాకు, చిన్న కొమ్మ, ఒక కాయ కోసి, తడి లేకుండ కాగితములో చుట్టి, వ్యవసాయ విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపోవలెను. కంపాసాగరములో, గడ్డిపల్లిలో అట్టి కేంద్రములు కలవు. కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానము కలదు. పోలేనివారు 1800-180-1551 అను కిసాన్ కాల్ సెంటరు సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును. అడుగునపుడు, "మచ్చలున్నవి, మందు చెప్పుడు" అనక, ఇందాక మనము వ్రాసికొన్న అయిదు జవాబులను వినిపింపవలెను. అటుల చెప్పిన రైతునకు సరియైన సలహా దొరకును, అక్కరలేని డబ్బాల ఖర్చు తప్పును.

తొలకరికి ముందు ఒక ఉదయము తీరిక చేసికొని, మీ పెరటి నిమ్మ చెట్టు ఆకులను తిరగవేసి చూడుడు. సెలవు.